తెల్లపాముకు ఎదురుమేత

పొదుగుడు 34వ రోజు

నాకు పాములంటే ప్రాణమని అమ్మ మా కట్ట మీద ఇంటింటికీ చెబుతుంది. ఈ ఉదయం కూడా, నేను వింటుండగానే, మంచినీళ్ల పడవతనికి చెప్పింది. "చదువైపోయింది. మెరక మీద ఉద్యోగం ఇస్తామన్నారు. అయినా పాముల్ని వదల్లేక తిరిగొచ్చేసింది, పిచ్చిది." అతను నా వైపు జాలిగా చూసి క్యాన్లు దించి వెళ్లిపోయాడు.

నాకు పాములంటే ప్రాణం కాదు. బెదిరితే అవి వదిలే గబ్బు సబ్బుకు పోదు. నేను తిరిగొచ్చింది చీటీల కోసం. ఏ తల్లికి ఏ పిల్ల పుట్టింది, ఏ రంగు, ఏం తిన్నది, ఏ కట్టకు వెళ్లింది, ఎలా చచ్చింది, ముప్పై ఒక్క ఏళ్ల లెక్క మా అటక మీద రేకు డబ్బాల్లో ఉంది. కాలేజీలో జన్యుశాస్త్రం చదివినవాళ్లెవరైనా ఆ డబ్బాల కోసం ఈదుకుంటూ వస్తారు. ఈ మాట ఇంట్లో నాలుగుసార్లు చెప్పాను. నాలుగుసార్లూ నాన్న నవ్వి, "ఇష్టమని చెప్పడానికి అంత సిగ్గెందుకు నీలమ్మా" అన్నాడు.

సరే, ఇవాళ్టి పని. గుడ్లు పదకొండు. తడి వరిపొట్టులో వేడి ఇరవై ఎనిమిది డిగ్రీల దగ్గర నిలబడింది. ఒక గుడ్డు మీద బూజు చుక్క కనిపిస్తే దూదితో అద్దాను. తల్లీ తండ్రీ రెండూ తెల్లవే కాబట్టి పిల్లలన్నీ ముత్యాల్లా వస్తాయి. పెరిగాక ఒక్కొక్క దానికి బదులు కొనేవాళ్లు ఒక ఇంజను పడవ ఇస్తారు.

పొదుగుడు 36వ రోజు

ఆదివారం. పున్నమ్మత్తతో మూడో కట్ట సంతకు వెళ్లాను. ఆవిడ నాన్నకు అక్క. ఇళ్లకు కావలి కాసే పాముల పెంపకం నాన్నది, అమ్మకం ఆవిడది. పాముల్ని ముట్టుకోదు. పెట్టె మూత తీయడానికి కూడా నేనే కావాలి. కానీ నోరు తెరిచిందంటే చుట్టూ పడవలు ఆగిపోతాయి.

"చూడండమ్మా, ఒంటి మీద ఒక్క నల్లచుక్క చూపించండి, ఊరికే ఇచ్చేస్తా! కళ్లు చూడండి, దానిమ్మ గింజలు! తోకలో వంకర లేదు. ఆడది, రేపు గుడ్లు పెడితే మీ కట్టకు మీరే దొరలు. చీటీ చూడండి, ఎనభై రెండు మేతలు, ఒక్కటీ కక్కలేదు!"

ధర ఇలా పెరుగుతుంది. తెలుపు మొదటిది. తర్వాత కన్ను, తోక, ఆడా మగా, మెతకతనం, చీటీ పొడవు, అమ్మమ్మ పేరు. నల్లటి ఒంటి మీద తెల్లపట్టీలుండే పాత రకానికి ఒక బస్తా బియ్యం ఇస్తే గొప్ప.

ఒక ముసలాయన పెట్టెలోకి వంగి చూసి అడిగాడు. "ఎదురుమేత పెట్టారామ్మా దీనికి?"

అత్త పకపకా నవ్వింది. "పట్టుచీర కొనేటప్పుడు నిప్పెట్టి చూస్తావా తాతా?"

"చూస్తాం గదా. అంచున ఒక పోగు లాగి కాలుస్తాం."

జనం నవ్వారు. అత్త నవ్వలేదు. "దీనికి పోగులు లేవు తాతా. ఉన్నది ఒక్కటే ఒళ్లు" అంది. ఆ మాటకు ఇంకా గట్టిగా నవ్వారు. ముసలాయన నల్లదాన్నీ కొనలేదు, తెల్లదాన్నీ కొనలేదు.

తిరిగొచ్చేటప్పుడు పడవలో నాకు ఆయన మాటే గుర్తొస్తూ ఉంది. పొద్దున్నుంచి సంతలో ఆ ప్రశ్న వేసింది ఆయనొక్కడే.

పొదుగుడు 37వ రోజు

అటక ఎక్కాను.

ఎదురుమేత అంటే మా వాళ్లు మొదట్లో పెట్టుకున్న ఆచారం. సముద్రం పొలాల్లోకి వచ్చినప్పుడు మనుషులతోపాటు కట్లపాములూ కట్టలెక్కాయి. నేల మీద పడుకున్నవాళ్లను కరిచేవి. నొప్పి కూడా తెలియదు. పొద్దున లేచేసరికి కడుపునొప్పి, కనురెప్పలు వాలిపోవడం. ఆసుపత్రిలో ఉన్న విరుగుడు మందు పనిచేయడం మానేసిన ఏడు, ప్రయోగశాల వాళ్లు నలభై జతల కావలిపాముల్ని పంపారు. పుస్తకాల్లో వీటిని కింగ్‌స్నేక్ అంటారు. వీటికి విషం లేదు, తోటి పాముల్ని మింగి బతుకుతాయి. మన కట్లపాము విషం తలకెక్కకుండా ల్యాబ్‌లో వాటి జన్యువులనే మార్చి పంపారు. ఇంటికొకటి వదిలితే ఆ ఇంట్లో మరో పాము మిగలదు.

అమ్మేముందు కొనేవాడి కళ్లెదుట కావలిపాముకు బతికున్న కట్లపాముని మేతగా వేసేవారు. అదే ఎదురుమేత. అది తిన్నదీ లేనిదీ చీటీ మీద ఎర్రసిరాతో రాసేవారు.

పాత డబ్బాల్లో చీటీలన్నీ ఎర్రగా ఉన్నాయి. తెల్లవాటి డబ్బాలు మూడు తిరగేశాను. పద్నాలుగేళ్లు. ఒక్క ఎర్రగీత లేదు. పడవంత ఖరీదు చేసే దాన్ని కట్లపాము ముందు ఎవడు పెడతాడు? దాని బదులు ఐసులోంచి తీసి కరిగించిన చచ్చిన చుంచుకి కట్లపాము కుబుసం రుద్ది వేస్తున్నాం. తెల్లది దాన్ని గుటుక్కున మింగుతుంది. కొనేవాళ్లు చప్పట్లు కొడతారు. ధర పెరిగేకొద్దీ పరీక్ష తగ్గింది. పరీక్ష లేదు కాబట్టి ధర పడిపోయే అవకాశమూ లేదు.

తెల్లవి చచ్చాక కొన్నవాళ్లు వెనక్కి పంపిన చీటీలు పదిహేడు. కారణం గడిలో నాన్న గుండ్రటి అక్షరాలు: చలి. పిల్లి. చలి. దెబ్బ. చలి. ఒక చీటీ వెనకాల మాత్రం కొన్నవాళ్లెవరో పెన్సిలుతో రాశారు. "మూతి మీద రెండు గాట్లున్నాయండి."

పొదుగుడు 41వ రోజు

నాన్న పెట్టెలు కడుగుతుంటే అడిగాను. "తెల్లవాటికి ఎదురుమేత ఎందుకు మానేశాం?"

"ఎందుకే? కావలిపాము బిడ్డ కావలిపామే గదా. చేపపిల్లకు ఈత పరీక్ష పెడతావా?"

"అసలు మొదటి తెల్లది ఎక్కణ్నుంచి వచ్చింది?"

చేతిలో బ్రష్ పక్కన పెట్టి, నాకెప్పుడూ చెప్పనిది చెప్పాడు. నాన్నకప్పుడు పంతొమ్మిదేళ్లు. తెల్లారుజామున లేస్తే నాయనమ్మ చాప పక్కన నలుపూ తెలుపూ పట్టీల పాము కనిపించింది. తెడ్డు తీసి తల మీద కొట్టాడు. దీపం తెచ్చి చూస్తే అది ఇంటి కావలిపాము. కట్లపాముకీ దానికీ మసక వెలుతురులో తేడా తెలియదు. తొమ్మిదో రోజున అసలు కట్లపాము వచ్చింది. మధ్యాహ్నానికి నాయనమ్మ లేదు.

"కర్మకాండలయ్యాక కూలికి మెరక మీదికి పోయాను. ఒక షావుకారు ఇంట్లో గాజుపెట్టెలో ఉందమ్మా అది. మల్లెపూవంత తెలుపు. వాళ్ల పిల్లలు ఆడుకునేది. చీకట్లో దీన్ని చూసి ఎవడూ తెడ్డెత్తడనుకున్నా. మూడేళ్లు వాళ్లింట్లో ఊడిగం చేసి తెచ్చుకున్నా. దానికే దొరసాని అని పేరెట్టుకున్నా."

"అది ల్యాబ్ పాము కాదా?"

"మన నల్లవాటితో జత కట్టించాగా. ల్యాబ్‌దే అయిపోయింది."

కాదు. నారుమడిలో ఒక మొక్క పీకితే వేళ్లు పెనవేసుకున్న పక్క మొక్క కూడా వస్తుంది. రంగూ, విషాన్ని తట్టుకునే గుణమూ ఒకే క్రోమోజోము దారం మీద పక్కపక్కన ఉంటే, తెలుపు కోసం ఏరిన ప్రతిసారీ దొరసాని దారమే చేతికొస్తుంది. ఆ దారం మీద ల్యాబ్ వాళ్లు ఏమీ నాటలేదు. తల్లి నుంచీ తండ్రి నుంచీ అదే దారం వస్తేనే పిల్ల తెల్లగా పుడుతుంది. అంటే ముత్యంలా ఉన్న ప్రతి పాముకీ విషం ఎక్కుతుంది.

ఇదంతా చెప్పాను. నాన్న ఓపిగ్గా విన్నాడు. చివర్లో నా తల మీద చెయ్యి వేశాడు. "అమ్మేస్తున్నామని బెంగ కదూ? చిన్నప్పుడూ ఇంతే. సంత రోజున ఏదో ఒక వంక పెట్టేదానివి."

పొదుగుడు 45వ రోజు

చెప్పకుండా చేశాను.

తోక వంకరపోయి అమ్మకానికి పనికిరాని తెల్లది ఒకటుంది. దాని వయసుదే నల్లపట్టీలది ఒకటి తీసుకున్నాను. పాడుబడిన ఉప్పు గిడ్డంగిలో రెండు కట్లపాముల్ని కొక్కెంతో పట్టి డబ్బాల్లో వేశాను. నాన్న మందులకు వెళ్లిన పూట, వెనక పాకలో రెండు గాజుతొట్లు పక్కపక్కన పెట్టుకున్నాను.

నల్లది కట్లపాము మెడ పట్టింది. అది మూడుసార్లు కరిచింది. నల్లది లెక్కచేయలేదు. చుట్టుకుని, నొక్కి, తల వైపు నుంచి మింగింది. నలభై నిమిషాలు పట్టింది.

తెల్లది కూడా పట్టింది. భయపడలేదు. కుబుసం వాసన దానికి చుంచుల మీద అలవాటైనదే కదా, ఆశగా వెళ్లింది. ఒకే కాటు, మూతి మీద. కాసేపు చుట్ట బిగిసే ఉంది. తర్వాత ఒక్కొక్క మెలిక వదులైంది. కట్లపాము దాని కింద నుంచి నెమ్మదిగా బయటికొచ్చింది.

టైము రాసుకున్నాను. 11:10 కాటు. 12:25 కదలిక లేదు. చచ్చినదాని పక్కనే చాలాసేపు కూర్చున్నాను. పాములంటే ప్రాణమై కాదు. అటక మీద పదిహేడు చీటీలున్నాయి. తిరిగి రాని చీటీలు ఇంకెన్ని ఇళ్లలో ఉన్నాయో తెలియదు.

పొదుగుడు 46వ రోజు

చచ్చినదాన్ని ఇంట్లోవాళ్ల ముందు పెట్టాను. అమ్మ ముక్కున కొంగు పెట్టుకుంది. నాన్న దాన్ని చేతుల్లోకి తీసుకుని మూతి మీది గాట్లను చాలాసేపు చూశాడు.

పున్నమ్మత్తే ముందు తేరుకుంది. "అవిటిది. పుట్టుకే బలహీనం. దానికి పరీక్షేంటే ఒసే? మూడుకాళ్ల మేకని పందెంలో పెట్టి మేకజాతే దండగన్నట్టుంది."

"అయితే మంచిదానికి పెడదాం. మల్లికి పెడదాం."

మల్లి మా ఇంట్లో అన్నిటికంటే తెల్లది. రెండేళ్ల ఆడది. ఆరో కట్ట వాళ్లు దాన్ని కొనడానికి బేరం మాట్లాడుకున్నారు.

"నోర్ముయ్" అంది అత్త. "కట్ట కట్టంతా కలిసి కొంటున్న పాము అది."

నాన్న చచ్చినదాన్ని తువ్వాలులో చుట్టుకుని బయటికి పోయాడు. మధ్యాహ్నం అన్నానికి రాలేదు. సాయంత్రం అటక మీద వంకర తోకదాని చీటీ చూశాను. కారణం గడిలో రాసి ఉంది: అవిటిది.

పొదుగుడు 50వ రోజు

ఆరో కట్ట ఎస్తేరమ్మ మల్లిని చూసుకోవడానికి వచ్చింది. రొయ్యల షెడ్లకు రాత్రి డ్యూటీకి పోయే తల్లుల పిల్లలు ఆవిడ పాకలో పడుకుంటారు. పంతొమ్మిది మంది, చాపల మీద. పాకలో ఉన్న నల్లపట్టీల కావలిపాముని క్రితం నెల ఆవిడే చీపురుకర్రతో కొట్టి చంపేసింది.

"నిద్ర కళ్లు గదమ్మాయ్. చంటిదాని కాళ్ల కాడ కనబడేసరికి నా గుండె జారిపోయింది. నా చేత్తో నేనే దాన్ని..." మల్లి వైపు చూసి చేతులు జోడించింది. "ఈ తల్లయితే చీకట్లో ఎన్నెల్లా కనబడుద్ది."

బదులుగా వాళ్లిచ్చేది కట్టకున్న ఒకే ఒక్క ఇంజను పడవ. వరదొస్తే పిల్లల్ని ఎక్కించేది కూడా అదే.

నాన్న లోపలికి వెళ్లగానే చెప్పేశాను. "పిన్నీ, దీన్ని తీసుకోకు. ఇది కట్లపాముని ఆపలేదు. కరిస్తే ఇదే చస్తుంది. నల్లది ఇస్తాను, ఊరికే ఇస్తాను."

ఆవిడ మొహం గట్టిపడింది. "ఎవురడిగారు? మెరకోళ్లా?"

"ఏంటి?"

"ఎక్కువ ఇత్తామన్న బేరం వచ్చుంటది. మాకు నల్లది అంటగట్టి తెల్లది వాళ్లకి పంపుతారు. మా పిల్లలంటే అంత చులకనయ్యారా అమ్మాయ్? సదువుకున్నదానివి, నీ నోట రావాల్సిన మాటేనా?"

"అది కాదు పిన్నీ. నల్లదాన్ని గుర్తుపట్టడం నేర్పుతాను. కట్లపాము గీతలు సన్నగా దారాల్లా ఉంటాయి. మన దాని పట్టీలు వేలెడు వెడల్పు..."

"రాత్రి పిల్ల కేకెడితే లేచి, కూకుని గీతలు కొలవమంటావా?" ఆవిడ లేచింది. గుమ్మం దగ్గర ఆగి నాన్నని పిలిచి, నాకు వినపడేలాగే అంది. "ఏడుకొండలన్నా, వచ్చే ఆదివారం సంతకి పడవ తెత్తన్నాం. మాట మాటే. నీ కూతురికి పామంటే అంత ప్రేమ ఉంటే ఇంకోటి పెంచుకోమను."

పొదుగుడు 53వ రోజు

కట్ట పెద్దల దగ్గరికి వెళ్లాను. మా కట్టకు ఆదాయమే తెల్లపాములు. కూర్చోమన్నారు, టీ ఇచ్చారు. "మీ నాన్నతో మాట్లాడమ్మా" అన్నారు.

ఇంటికొస్తే నాన్న మల్లి పెట్టె ముందు కూర్చుని ఉన్నాడు. ఈ మధ్య మనిషి సరిగా తినడం లేదు.

"ఆ మూతి మీద గాట్లు చూశావు నాన్నా."

"చూశా."

"ఆ పదిహేడు చీటీలు రాసింది కూడా నువ్వే."

నాన్న పెట్టె మూత మీద చెయ్యి వేశాడు. "తెడ్డు నా చేతిలోనే ఉందమ్మా ఇప్పటికీ. తెల్లవాటిని చూసినప్పుడే అది కిందికి దిగుద్ది. నువ్వు చెప్పేది నిజమైతే, మా అమ్మ తర్వాత ఎంతమంది? నేను లెక్కపెట్టలేను."

"నేను లెక్కపెడతాను."

ఆయన కళ్లు తుడుచుకుని నవ్వడానికి ప్రయత్నించాడు. మల్లిని ఎత్తి నా ఒళ్లో పెట్టాడు. "ఇదే కావాలా? ఉంచుకో. ఎస్తేరుకు దీని చెల్లెల్ని ఇస్తా. అదీ తెల్లగానే ఉంది. ఇక ఈ గొడవ మానెయ్ తల్లీ."

మల్లి నా మణికట్టుకి చుట్టుకుంది. చల్లగా, బరువుగా. నేను తిరిగి పెట్టెలో పెట్టలేదు. నాన్న దాన్ని అవుననుకున్నాడు.

పొదుగుడు 56వ రోజు

శనివారం. పొద్దున అమ్మ కేక పెడితే పరిగెత్తాను. గుడ్లు చీలాయి. పదకొండింటిలో తొమ్మిదింటికి గాట్లు పడి, ఒక్కో చీలిక నుంచి చిటికెన వేలి గోరంత మూతి బయటికి చూస్తోంది. తొమ్మిదీ తెలుపే. అమ్మ హారతి పళ్లెం తెచ్చింది. పున్నమ్మత్త పాముల్ని ముట్టుకోని మనిషి, ఇవాళ డబ్బా దగ్గరికొచ్చి, "తొమ్మిది పడవలే!" అని నా బుగ్గ గిల్లింది. నాన్న మాత్రం ఒక్కోదాన్నీ చూస్తూ పెదాలు కదుపుతున్నాడు. లెక్కపెడుతున్నాడో, మొక్కుకుంటున్నాడో తెలియలేదు.

"చూడండి దాని మొహం" అంది అమ్మ నన్ను చూపించి. "పిల్లల్ని చూడగానే కళ్లనీళ్లు పెట్టుకుంది. పాములంటే అంత ప్రాణం."

ఈసారి నేను దిద్దలేదు.

మధ్యాహ్నం ఉప్పు గిడ్డంగికి వెళ్లాను. మూడడుగుల కట్లపాము దొరికింది, ఆరోగ్యంగా ఉంది. మూతకు చిల్లులున్న డబ్బాలో వేసి తాళం పెట్టాను. పాత పెద్ద గాజుతొట్టి కడిగి ఆరబెట్టాను. ఎర్రసిరా ఎండిపోతే నీళ్లు చుక్క వేసి కలిపాను. మల్లి చీటీ నా దగ్గరే ఉంది. నాన్న దాన్ని నాకు ఇచ్చేశాడు కాబట్టి యజమాని గడిలో నా పేరు రాశాను. ఇక దాన్ని ఏం చేయాలన్నది ఎవరినీ అడగనక్కర్లేదు.

రేపు పది గంటలకు ఎస్తేరమ్మ వాళ్ల పడవ మూడో కట్ట సంతకు వస్తుంది. పడవ చేతులు మారకముందే, అందరూ చూస్తుండగా మల్లికి ఎదురుమేత పెడతాను. ఏం జరిగిందో చీటీ మీద ఎర్రసిరాతో రాసి, చదివి వినిపిస్తాను.